అరవయ్యో చోటు

"ఈ జవాబులన్నీ చెప్పింది నువ్వేనా అత్తా? నా మొహం చూసి చెప్పు."

రెబెక్కమ్మ కోడలి మొహం చూడలేదు. చేటలో బియ్యం ముందుకీ వెనక్కీ తోసుకుంటూ, లేని రాయి కోసం వెతుకుతూ కూర్చుంది.

నెల్లూరు నుంచి వచ్చిన కాగితాలు క్యాథరిన్ చేతిలో ఉన్నాయి. కావలిలో బడి వదిలాక బస్సు దిగి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే చదివింది. ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి తెలుగులో. రెండింటిలోనూ ఒకటే మాట. పాప ఎలిశబెతు ఈ ఆటిజం పరిశోధనలో చేరడానికి అర్హురాలు కాదు.

"పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా? చూస్తుంది. కావాల్సింది వేలు పెట్టి చూపిస్తుందా? చూపిస్తుంది. చెప్పిన పని చేస్తుందా? చేస్తుంది. తోటి పిల్లలతో ఆడుతుందా? ఆడుతుంది. మాటలు కలిపి మాట్లాడుతుందా? మాట్లాడుతుంది." క్యాథరిన్ కాగితం దించింది. "ఎవురత్తా ఈ పిల్ల? మనింట్లో అయితే లేదే! ఎవురింట్లో చూసినావు?"

మనింట్లో పిల్ల వంటగది మూల నీళ్ళ బిందెకు చెంప ఆనించి నిలబడి ఉంది. చల్లని స్టీలంటే ఎలిశబెతుకు ప్రాణం. వచ్చే నెల పదకొండుకు ఆరేళ్ళు నిండుతాయి. తల్లి గొంతు హెచ్చినప్పుడల్లా ఆ పిల్ల గొంతులోంచి సన్నటి రాగం ఒకటి లేస్తుంది. అది ఏడుపు కాదు, పాట కాదు. చెవులు మూసుకోవడానికి బదులు చేసుకునే పని అది.

"రొంత నిమ్మళంగా మాట్లాడు మే. బిడ్డ బెదురుతా ఉండాది," అంది రెబెక్కమ్మ.

"బెదురుతుందా? ఎందుకు బెదురుతుంది? నీ లెక్కన ఈ పిల్లకి ఏమీ లేదు గదా!"

సుశీల్ కుమార్ గోడవారగా కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. తెల్లవారి నుంచి పట్టాల వెంట నడిచి వచ్చిన మనిషి. ఒక తాడు విప్పి రెండోది విప్పకుండా ఆగిపోయాడు.

"నువ్వైనా అడగవా? మీ అమ్మే గదా," అంది క్యాథరిన్.

"ఏం అడగమంటావు? నువ్వు అడుగుతా ఉండావు గదా."

"మహానుభావుడివి! ఆ బూటు తోటే మాట్లాడుకో."

తలుపు తీసుకుని బయటికి పోయి కాసేపు నిలబడదామన్నా ఆ ఇంట్లో వీలు లేదు. రైల్వే క్వార్టరు. రెండు తలుపులకూ పైన, పెద్దవాళ్ళ చేతికి మాత్రమే అందేంత ఎత్తులో గొళ్ళాలు. వెనక తలుపు దాటితే పదడుగుల పెరడు, ఆ తర్వాత కంచె, కంచెకు అవతల పట్టాలు. ఎలిశబెతు రెండుసార్లు ఆ కంచె కిందుగా దూరిపోయింది. రెండోసారి గూడ్సు బండి తోలేవాడు దిగి వచ్చి, రెబెక్కమ్మ కాళ్ళ మీద పడినంత పని చేశాడు. "అమ్మా, బిడ్డని కట్టేసుకోండి," అన్నాడు. అప్పటి నుంచి గొళ్ళాలు. పిల్లను లోపల పెట్టామనుకున్నారు గానీ, పిల్లతో పాటు అందరూ లోపలే పడ్డారు. నలభై ఏళ్ళు గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించిన రెబెక్కమ్మ, ఇప్పుడు కిటికీ ఊచల మధ్య నుంచి "బాగుండావా అబ్బయ్యా" అని కేకేయాల్సి వస్తోంది. కొడుకూ కోడలూ పనుల మీద పోతే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా తనూ, ఆ బిడ్డా, ఆ రెండు గొళ్ళాలూ.

"చెప్పు అత్తా. ఎందుకు చెప్పినావు?"

"అబద్ధం కాదు మే." రెబెక్కమ్మ చేట పక్కన పెట్టింది. "విశ్వాసంలో చెప్పినా."

క్యాథరిన్‌కు నవ్వు వచ్చింది. అలాంటి నవ్వు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "విశ్వాసం దేవుడి కాడ చెప్పుకోవాల. ఫారం కాడ కాదు."

రెబెక్కమ్మ మనసుకు ఆ తేడా ఏమిటో అందలేదు. వాళ్ళ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఉన్న పద్ధతి అది. అడిగినదాన్ని అందినట్టే చెప్పాలి. ఇంకా రాలేదంటే సగం నమ్మినట్టు. పోయిన ఏడాది మోకాలి నొప్పి పోయిందని అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పి, ఆ రోజు గోడలు పట్టుకుని ఇంటికి చేరింది. నాలుగు నెలలకు నొప్పి నిజంగానే తగ్గింది. ఇక ఎవరు ఏం చెప్పినా వింటుందా? మూడు వారాల కింద మళ్ళీ లేచి నిలబడి, "నా మనవరాలి నోరు తెరుచుకుంది" అంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. అది ఎవరెవరి ఫోన్లకో పోయింది. పాస్టరు సంజీవరావు అయ్యగారు రేపటి కూడికలో మళ్ళీ ఒకసారి చెప్పమన్నారు కూడా. బయటి ఊళ్ళ నుంచి మనుషులు వస్తున్నారట.

అదయ్యాక పది రోజులకు నెల్లూరు డాక్టరమ్మ దగ్గర పనిచేసే ఫేబీ ఫారం పట్టుకుని వచ్చింది. ఆ రోజు పిల్ల జ్వరంతో పడుకుని ఉంది. క్యాథరిన్ బడిలో పరీక్షల పనిలో ఉంది. ఫేబీ ఒక్కో ప్రశ్నా చదువుతుంటే రెబెక్కమ్మకు అది కూడా సాక్ష్యమే అనిపించింది. అక్కడొక మాట, ఇక్కడొక మాట చెప్పే నోరా తనది?

"ఫేబీకి ఫోన్ చేసినా," అంది క్యాథరిన్. "ఈ ఊళ్ళోనే ఉందంట. వస్తా ఉండాది. దాని ముందర గూడా విశ్వాసమే చెప్తావో, నిజం చెప్తావో, నీ ఇష్టం."

* * *

ఆ ఇంటికి ఎవరైనా వస్తే లోపలికి రావడం ఒక పెద్ద తంతు. సుశీల్ కుమార్ పిల్లను ఎత్తుకుని వంటగదిలోకి పోవాలి. క్యాథరిన్ గొళ్ళెం తీయాలి. వచ్చినవాళ్ళు సందులోంచి పక్కకు తిరిగి దూరాలి. మళ్ళీ గొళ్ళెం పడాలి. ఫేబీకి ఇది అలవాటే. హెల్మెట్ చంకలో పెట్టుకుని, పక్కకు తిరిగి, సన్నగా జారి లోపలికి వచ్చింది.

నెల్లూరులో డాక్టర్ వినీల గారి దగ్గర ఇల్లిల్లూ తిరిగి పిల్లల వివరాలు రాసుకునే ఉద్యోగం ఆమెది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. కోవూరు నుంచి కావలి దాకా ఆటిజం ఉన్న పిల్లలు ఏ సందులో ఉన్నారో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

"అవ్వా, ఆ రోజు నేను మిమ్మల్ని అడిగినప్పుడు బిడ్డని లేపి చూసుంటే సరిపొయ్యేది. జ్వరం గదా అని ఊరుకున్నా. నాది గూడా తప్పే," అంది కూర్చుంటూనే.

"నీ తప్పేం లేదు లేమ్మా. మా ఇంటి తప్పు," అంది క్యాథరిన్. "ఇప్పుడేం చెయ్యాల, అది చెప్పు. చోటు ఉండాదా?"

"ఒక్కటుండాదక్కా. మొన్న అరవై నిండిపోయినాయి. నిన్న ఒకళ్ళు మానుకున్నారు. రేపు సాయంత్రం ఐదింటికి లిస్టు ముయ్యాల."

"ఐదు గంటలకా?"

"ఐదుకే. నిధులిచ్చేవాళ్ళకు పేర్లు పోవాల."

వంటగది గుమ్మంలో పిల్లను ఎత్తుకుని నిలబడ్డ సుశీల్ కుమార్, ఫేబీ వచ్చాక మొదటిసారి నోరు విప్పాడు. "ఆ చోటు వేరేవాళ్ళకు పోయినా, అరవైకి ఇంకొకటి చేరిస్తే ఏం మునిగిపోతుంది ఫేబీ? ఒక్క బిడ్డ."

"అన్నా, ఈ డబ్బు కోసం మేడం ఎన్ని తూర్లు రాసిందో తెలుసా? మూడు తూర్లు తిప్పి పంపినారు. పెద్ద ఊళ్ళలో ఆస్పత్రుల్లో చూసిన పిల్లల గురించి పుస్తకాలు పుస్తకాలు ఉండాయి. మన తీరం ఊళ్ళలో, ఇంటోళ్ళే నేర్పితే ఇట్టాంటి పిల్లలు ఎట్టా ఎదుగుతారో ఎవురూ చూళ్ళేదు. అది చూస్తామని అడిగింది. నాలుగో తూరి ఇచ్చినారు. అరవై మంది, రెండేళ్ళు, చేరేనాటికి ఆరేళ్ళ లోపు వయసు. వారానికి రెండు రోజులు టీచరు ఇంటికొస్తుంది, మీకు నేర్పిస్తుంది. అరవై ఒకటో ఇంటికి టీచర్ని పంపేదానికి దాంట్లో లేదు."

"మళ్ళా ఎప్పుడు ఇస్తారు?"

"నిధులకు మళ్ళా పిలిచేది వచ్చే ఏడాది. పిలిచినా మనకొస్తాయో లేదో. వచ్చినా ఎలిశబెతుకు వయసు దాటిపోతుంది."

బయట ఎక్కడో మేకల మెడలో గంటలు వినిపించాయి.

"చోటు నిండకపోతే?" అంది క్యాథరిన్.

"రెండో ఏడాది నిధులకు అడ్డం పడతారు. అప్పుడు నేనూ ఇంట్లోనే." ఫేబీ నవ్వబోయి మానుకుంది. "అందుకే వచ్చినా అక్కా. నాకూ ఆ చోటు నిండాల."

"అయితే ఆ ఫారం చించి పారెయ్. కొత్తది తీ. నేను చెప్తా జవాబులు."

"చించకూడదక్కా. పాత జవాబు కనపడేట్టు దాని మీద ఒకే ఒక్క గీత గియ్యాల. పక్కన కొత్త జవాబు. ఎందుకు మారిందో కారణం. కింద సంతకం. ఎవురు చెప్పినారో వాళ్ళే మార్చాల. నువ్వు చెప్పేది వేరే ఫారంలో రాసుకుంటా. కానీ అవ్వ చెప్పింది అట్నే ఉంటే, ఇంట్లో ఒకరొకటి ఒకరొకటి చెప్పినట్టవుతుంది. మేడం ఒప్పుకోదు."

ముగ్గురి చూపులూ రెబెక్కమ్మ మీదికి వచ్చాయి.

రెబెక్కమ్మ గోడ మీది వాక్యాల క్యాలెండరు వైపు తిరిగింది. కళ్ళద్దాలు లేనిదే ఆ అక్షరాలు ఆమెకు కనబడవు. అయినా చాలాసేపు అటే చూసింది. ఆ ఫారం మీద లేదని చెప్పడమంటే, మూడు వారాల కింద అందరి ముందూ చేతులెత్తి చెప్పినదాన్ని ఈ నాలుగ్గోడల మధ్య చాటుగా తుడిచేయడం. రేపు పొద్దున మళ్ళీ అక్కడే నిలబడాలి. ఏ మొహంతో?

"నేను చెప్పింది ప్రార్థనకొచ్చేవాళ్ళకు తెలుస్తుందా?" అని అడిగింది.

"తెలీదవ్వా. ఈ కాగితాలు మేడం తప్ప ఎవురూ చూడరు."

"దేవుడు చూస్తాడు గదా."

"దేవుడికి నిజం తెలుసు గదా అత్తా," అంది క్యాథరిన్. ఈసారి గొంతులో కోపం లేదు. అలసట ఉంది. కోపం కంటే అదే రెబెక్కమ్మకు ఎక్కువ తగిలింది.

"కారణం ఏమని రాస్తావు?"

"మీరేం చెప్తే అదే రాస్తా."

"విశ్వాసంలో చెప్పినా అని రాయి. అబద్ధమాడినా అని రాయబాక."

"అట్నే రాస్తానవ్వా," అని ఫేబీ పెన్ను మూత తీసింది. ఒక్క నవ్వు నవ్వకుండా, ఒక్క అక్షరం మార్చకుండా రాసి, చదివి వినిపించింది.

"ఇప్పుడు అడుగుతా. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా?"

రెబెక్కమ్మ గొంతు సవరించుకుంది. మనవరాలి వైపు చూసింది. "లేదు."

ఆ మాట బయటికి తేవడానికి పన్ను పీకించుకున్నంత బాధపడింది. ఫేబీ గీత గీసింది.

"కావాల్సింది వేలితో చూపిస్తుందా?"

"లేదు. చూపించదు. నా మణికట్టు పట్టుకోని లాక్కోని పోతుంది. నా చెయ్యి తీసుకోని దాని మీద పెడుతుంది. నీళ్ళు కావాలంటే బిందె మీద. బయటికి పోవాలంటే గొళ్ళెం అందదు గదా, నన్ను తలుపు కాడ నిలబెట్టి నా మోచెయ్యి పైకి తోస్తుంది."

ఫేబీ తలెత్తింది. కళ్ళు మెరిశాయి. "ఇది చెప్పండి అవ్వా! ఇదే మాకు కావాల్సింది. ఎన్నాళ్ళ నుంచి చేస్తా ఉండాది?"

"పోయిన ఎండాకాలం నుంచి. అంతకు ముందు మణికట్టు పట్టుకునేది గాదు, చీర కుచ్చెళ్ళు పట్టుకునేది. గూడ్సు బండి వస్తుందంటే మనకంటే ముందు దానికే తెలుస్తుంది. బిందెకు చెంప ఆనిస్తే ఆ అదురు తెలుస్తుందేమో. బండి రాకముందే నవ్వుతుంది."

"మాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు సుశీల్ కుమార్.

"మీరెప్పుడు అడిగినారు నాయనా? వచ్చేది, పిల్ల తినిందా, పడుకునిందా అనేది, అంతే గదా."

ఫేబీ రాస్తూనే ఉంది. అంచుల్లో కూడా రాసింది. మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న. ప్రతి దానికీ ముందొక 'లేదు', ఆ వెనక ఇంత కథ. క్యాథరిన్ టీ పెట్టింది. అత్తగారి గ్లాసులో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసింది. ఆ ఇంట్లో క్షమాపణ అంటే అంతే, అంతకుమించి మాటల్లో ఉండదు.

టీ తాగుతూ రెబెక్కమ్మ ఊరికే అడిగింది. "ఆ ఒక్క చోటు ఎట్టా ఖాళీ అయింది మే? దొరక్క దొరక్క దొరికేదాన్ని ఎవురు వదులుకున్నారు?"

"పేర్లు చెప్పకూడదవ్వా."

"పేరొద్దులే. ఎందుకు వదులుకున్నారంట?"

"ఏమో. ఎవురిదో సాక్ష్యం వీడియో చూసినారంట. ఆ బిడ్డకి ప్రార్థనతోనే మాటలొచ్చినాయంట. ఇంక మాకు టీచర్లెందుకు అన్నారు. మేడం ఎంతో చెప్పింది. ఇంటి పెద్దామె పట్టు వదల్లేదు."

రెబెక్కమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

కొడవలూరు ప్రమీలమ్మ. నెల్లూరులో పేరు రాయించిన మొదటిరోజు ఒకే బల్ల మీద మూడు గంటలు పక్కపక్కన కూర్చున్న మనిషి. వరి పొలాల వాళ్ళు, గుడికి పోయే హిందువులు, అయినా ఆ మూడు గంటల్లో అక్కా చెల్లెలూ అయిపోయారు. ఆమెకూ మనవరాలే, నాలుగేళ్ళ పిల్ల. వీడియో చూసి ఆమే ఫోన్ చేసింది. "నిజమేనా అక్కా?" అని అడిగింది. "నిజమే, నువ్వూ నమ్ము" అని తానే చెప్పింది.

పొద్దుటి నుంచి ఆ ప్రమీలమ్మే నాలుగుసార్లు ఫోన్ చేసింది. మళ్ళీ ఆ సంగతే అడుగుతుందేమోనని తాను ఎత్తలేదు.

* * *

ఐదోసారి మోగింది.

మంచం మీద ఫోన్ వెలుగుతోంది. కాటుక పెట్టుకుని నవ్వుతున్న ప్రమీలమ్మ బొమ్మ. క్యాథరిన్ ఆ బొమ్మ చూసింది, అత్తగారి మొహం చూసింది. ఫేబీ ఎందుకో గబుక్కున తల దించుకుని కాగితాలు సర్దుకోవడం చూసింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది ఆమెకు.

"ఈమేనా?" అంది, గుసగుసగా.

రెబెక్కమ్మ ఫోన్ వైపు చెయ్యి చాపింది.

క్యాథరిన్ వచ్చి అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అత్తా, రేపు ఐదు దాకా. అంతే. అప్పటి దాకా ఏం చెప్పబాక. తరవాత ఆమె కాళ్ళ మీద నేనే పడతా."

"ఇందాక నిజం చెప్పమన్నావు గదా మే."

"అన్నా. ఇప్పుడొద్దంటా ఉండా. నువ్వు ఎన్ని శుక్రవారాలు చెప్పలేదు? నా బిడ్డ కోసం ఇంకొక్కటి చెప్పు."

సుశీల్ కుమార్ పిల్లను దించాడు. దించి, అక్కడే నిలబడ్డాడు. వద్దనీ అనలేదు, చెప్పమనీ అనలేదు.

రెబెక్కమ్మ ఫోన్ ఎత్తింది. కుడి చెవి సరిగ్గా వినబడదు కాబట్టి ఎప్పుడూ స్పీకరే. ప్రమీలమ్మ గొంతు గదంతా నిండింది.

"అక్కా! పొద్దుట్నించి చేస్తా ఉండా, ఏమైపొయ్యినావు? మా వినోదిని అన్నం తినకుండా కూచోనుండాది, బిడ్డని ఎందుకు మాన్పించినావని. కోడలు గదా, ఏడస్తా ఉంటే చూడలేకుండా ఉండా. డాక్టరమ్మ చెప్పింది, మనసు మారితే రేపు ఐదు లోపల ఫోన్ చెయ్యమని. నేను మారనన్నా. రెబెక్కమ్మక్క ఆ మాట ఊరికే అంటుందా అన్నా. ఒక్క తూరి మీ పాప చేత మాట్లాడించక్కా. మా కోడలు పక్కనే ఉండాది, వింటుంది. ఏదో ఒకటి. రెండు మాటలు చాలు."

క్యాథరిన్ చేతులు జోడించింది. నిద్రపోతోందని చెప్పమని పెదవులతోనే చెప్పింది.

ఎలిశబెతు బిందె దగ్గర నిలబడి రాగం తీస్తోంది. అది ఫోన్లోకి వినబడుతోందో లేదో ఎవరికీ తెలియదు.

"అక్కా? ఉండావా?"

"ఉండా ప్రమీలమ్మా. ఫోన్ పెట్టేయబాక. అట్నే ఉండు, నీ కోడల్ని గూడా దగ్గరికి రమ్మను." రెబెక్కమ్మ ఫోన్‌ను మంచం మీద పెట్టింది. ఫేబీ వైపు తిరిగింది. "ఎన్నో ప్రశ్న దాకా వచ్చినాం మే?"

ఫేబీ అర్థం కానట్టు చూసింది. "ఐదు... అవ్వా, ఫోన్ ఉండాది."

"ఉండనీ. ఐదోది అడుగు. గట్టిగా అడుగు, నాకు వినబళ్ళేదు."

"అత్తా!" అంది క్యాథరిన్.

ఫేబీ కాగితం దగ్గరికి తీసుకుంది. చదివింది. "రెండు మూడు మాటలు కలిపి మాట్లాడుతుందా?"

"లేదు," అంది రెబెక్కమ్మ. "రెండూ లేవు, ఒకటీ లేదు. పుట్టినకాడ్నించి ఈ పూట దాకా నా మనవరాలు ఒక్క మాట మాట్లాడలేదు. అదే రాయి."

పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది. క్యాథరిన్ లేవలేదు. మోకాళ్ళ మీద ఉన్నది అలాగే మడమల మీదికి కూలబడింది. కోడలు ఆశపెట్టుకున్న ఒకే ఒక్క చోటు, తన నోటి మాటతోనే దగ్గరికి వచ్చి, తన నోటి మాటతోనే దూరమైపోతోందని రెబెక్కమ్మకు తెలుసు. ఏ మాట చెప్పినా ఒక బిడ్డ బయట మిగులుతుంది. చెప్పకపోయినా మిగులుతుంది.

ప్రమీలమ్మ ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నారు. అవతల ఎవరో ఆడమనిషి ముక్కు చీదిన శబ్దం వచ్చింది. ఆ తర్వాత ప్రమీలమ్మ గొంతు. ఇందాకటి గొంతు కాదు, చెల్లెలి గొంతు కాదు.

"ఆడ కూచోని రాసేది ఫేబీ పాపే గదా?"

ఫేబీ పెన్ను కాగితం మీద ఆపేసింది.

"నాకు తెలుసులే, ఆ గొంతు. మీ ఇంటికెందుకొచ్చిందో గూడా తెలుస్తా ఉండాది. ఫోన్ ఆ పిల్లకియ్యి."

రెబెక్కమ్మ ఫోన్ మీద చెయ్యి వేసింది. ఆమె దాన్ని ఎత్తేలోగా, ఆ చెయ్యి మీద కోడలి చెయ్యి అడ్డంగా వచ్చి పడింది.